కాంప్లెక్స్ సమావేశంలో తెలుగు ఉపాధ్యాయులం కలిసినప్పుడు ఏమి మాట్లాడుకోవాలి?

ప్రశ్న – పల్లెబడి తెలుగు, సూర్యాపేట జిల్లా

అందరికీ నమస్కారం. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో స్కూల్ అసిస్టెంట్ తెలుగుగా పనిచేస్తున్నాను. ఆరు నుంచి పది దాకా తెలుగు నాదే. వచ్చే నెల మా కాంప్లెక్స్‌లో తెలుగు వాళ్ళ సమావేశం (చుట్టుపక్కల బడుల టీచర్లం నెలనెలా కలిసేది) నడిపే పని నామీద పడింది. రిసోర్స్ పర్సన్ అని పేరైతే తగిలించారు గానీ, మిగతా వాళ్ళకంటే నాకు ఎక్కువ తెలిసింది ఏమీ లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మా సమావేశం ఎలా సాగుతుందో తెలుగు టీచర్లకు వేరే చెప్పనక్కర లేదు. పదిన్నరకు సంతకాలు. గత నెల సమీక్ష అంటే ఎవరి సిలబస్ ఎంతవరకు వచ్చిందో వరుసగా లేచి చెప్పడం. ఒకరు ‘శతక మధురిమ’ అయిపోయిందంటారు, ఇంకొకరు ‘లక్ష్యసిద్ధి’లో ఉన్నామంటారు. వెనకబడినవాళ్ళు తలవంచుకుని సగం పాఠం కలిపి చెబుతారు. తర్వాత పైనుంచి వచ్చిన పీపీటీ. అందులోని అక్షరాలు వెనక బెంచీకి కనిపించవు. కనిపించినా కొత్తదేమీ ఉండదు, రెండు రోజుల ముందే వాట్సాప్‌లో వచ్చి ఉంటుంది. ఆపైన మాదిరి పాఠం. దాన్ని ఎప్పుడూ అందరికంటే చిన్నవాళ్ళ నెత్తిన పెడతాం, అయ్యాక చప్పట్లు కొడతాం. భోజనం. మధ్యాహ్నం టీ దగ్గర డీఏ, పీఆర్సీ, బదిలీలు. ఆ రోజు మొత్తంలో అందరూ మనసు పెట్టి మాట్లాడేది ఆ అరగంటే. అందులో ఎవరినీ తప్పుపట్టను, నేనూ అక్కడే నిలబడి మాట్లాడతాను.

అయితే ఈసారి అలా వదిలేయబుద్ధి కావడం లేదు. మొన్న పదో తరగతి నోటు పుస్తకాలు దిద్దుతున్నాను. ‘నగరగీతం’ పాఠం, అలిశెట్టి ప్రభాకర్ కవిత. నగర జీవితం గురించి సొంతంగా రాయమన్నాను. మా పిల్లల నాన్నలు చాలామంది హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికో, వాచ్‌మన్‌గానో వెళ్ళినవాళ్ళే. ఒక పిల్ల ఐదో తరగతి దాకా ఎల్బీ నగర్‌లో ఒక అపార్ట్‌మెంటు సెల్లార్‌లోనే పెరిగింది. లిఫ్టు పక్కన వీళ్ళ గది. కార్లు వెళ్ళిపోయాక ఆ ఖాళీలో తొక్కుడుబిళ్ళ ఆడుకునేవాళ్ళమని నాకు ఎన్నోసార్లు చెప్పింది. ఆ పిల్ల పుస్తకం తెరిస్తే ఏముంది? ‘కవి నగర జీవితంలోని సంక్లిష్టతను కళ్ళకు కట్టినట్లు వర్ణించాడు. నగరజీవి యాంత్రిక జీవనం గడుపుచున్నాడు.’ ఆ పిల్ల ముందు బెంచీ వాడిదీ అదే, పక్క వరసదీ అదే. గైడులో ఉన్నది కామాతో సహా దిగింది.

ఇది మా బడి ఒక్కదాని సంగతి కాదు. స్పాట్‌కు (పది పరీక్ష పేపర్లు దిద్దడానికి) వెళ్ళినవాళ్ళు ఎవరైనా చెబుతారు, ఏ జిల్లా కట్ట విప్పినా ఇవే వాక్యాలు. మన పుస్తకంలో ‘వ్యక్తీకరణ – సృజనాత్మకత’ అని ఒక విద్యాప్రమాణం ఉంది. ఆ శీర్షిక కింద జరుగుతున్నది ఇది. దీని గురించి ఒక రోజంతా మాట్లాడుకోకపోతే ఇక కలవడం ఎందుకు?

కాబట్టి నా ప్రశ్న: సిలబస్ ఎంతవరకు అయింది అన్నది కాకుండా, మన కోర్సు పిల్లవాడికి ఏమి చేస్తోంది అన్నది తెలుగు వాళ్ళం కూర్చుని మాట్లాడుకునే సమావేశాన్ని ఎవరైనా నడిపారా? ఎలా నడిపారు? లింకులు, పీడీఎఫ్‌లు వద్దు, నా ఫోనులో చాలా ఉన్నాయి. చేసి చూసినవి చెప్పండి.

జవాబు – విశ్రాంత పండితుడు, ఖమ్మం

అమ్మా, నేను పదవీ విరమణ చేసి కొన్నేళ్ళయింది. మాటల్లో పాత వాసన తగిలితే సర్దుకోండి.

ఈ సమావేశాలు మొదట్లో ఇలా లేవు. ఉమ్మడి రాష్ట్రంలో ఏపీపెప్ అని ప్రాథమిక విద్యా పథకం ఒకటి నడిచింది. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో 1980లలో కొన్ని బడుల్లో మొదలై 1990లలో జిల్లాలన్నిటికీ పాకింది. టీచర్స్ సెంటర్ అన్న మాట మాకు అప్పుడే అలవాటైంది. నేను అప్పుడు కొత్తగా చేరిన సెకండరీ గ్రేడ్ వాణ్ణి. ఆ పథకం ఆరు సూత్రాలు చెప్పింది. పిల్లలు చేసిన పనిని తరగతి గదిలో ప్రదర్శించాలన్నది వాటిలో ఒకటి. అందువల్ల సెంటర్‌కు వచ్చేవాళ్ళు ఉత్త చేతులతో వచ్చేవారు కాదు. పిల్లవాడు గీసిన బొమ్మో, రాసిన కథో, పేర్చిన గింజల అట్టో ఏదో ఒకటి సంచిలో ఉండేది. అది బల్లమీద పెడితే మాట దానంతట అదే పుట్టేది. అదంతా స్వర్ణయుగం అనను. రంగుకాగితాలు కత్తిరించి గోడకు అంటించడమే చదువు అనుకున్న సెంటర్లూ చూశాను. తర్వాత జిల్లా ప్రాథమిక విద్యా పథకం (డీపీఈపీ) వచ్చింది, మండల రిసోర్స్ సెంటర్లు వచ్చాయి, సర్వశిక్షా అభియాన్ వచ్చింది. పథకం మారినప్పుడల్లా నింపే ఫారాలు పెరిగాయి, సంచిలో తెచ్చేవి తగ్గాయి.

మీరు అడిగింది చేసి చూసిన సంగతి కదా. దిగిపోయే ముందు సంవత్సరాల్లో మా కాంప్లెక్స్‌లో చేశాం, చెబుతాను.

ముందు నెలలోనే అందరం ఒక మాట అనుకున్నాం. ఎనిమిదో తరగతికి ఒకే పని ఇవ్వాలి. ‘మా ఊరి అంగడి’ గురించి ఒక పేజీ, తరగతిలోనే, పుస్తకం చూడకుండా. ప్రతి బడి నుంచి మూడు కాగితాలు తేవాలి. మూడూ మంచివే ఏరుకు రాకూడదు. బాగా రాసేవాడిది ఒకటి, నడిమి రకం ఒకటి, తంటాలు పడేవాడిది ఒకటి. పేరు ఉన్న అంచు మడిచి పిన్ను కొట్టాలి. వాటిలో కొన్నిటిని జిరాక్స్ తీసి అందరికీ పంచాం. ఎవరికి వారు పది మార్కులకు దిద్ది, చీటీమీద మార్కు రాసి బోర్లా పెట్టాలి. పక్కవారి చీటీ చూడకూడదు. అప్పుడు తిప్పాం.

ఒక కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. పిల్లవాడు వాళ్ళ నాన్నతో కలిసి అంగడికి మేకను తోలుకుపోయిన సంగతి రాశాడు. క్రియలన్నీ ఇంట్లో మాట్లాడే తీరులోనే ఉన్నాయి. ఒత్తులు సగం లేవు. చుక్క ఎక్కడ పెట్టాలో తెలియక పేజీ అంతా ఒకే వాక్యంగా సాగింది. కానీ అందులో ఏముందంటే, మేకను అమ్మేశాక దాని తాడును తండ్రి చేతికి చుట్టుకుని ఇంటిదాకా తెచ్చాడట. తెచ్చి కొట్టంలో అదే గుంజకు మళ్ళీ కట్టాడట. అంతే, అక్కడితో ఆపేశాడు. దీనికి ఒకరు పదికి మూడు వేశారు, ఒకరు ఎనిమిది. ఇంకో కాగితం ముత్యాల్లాంటి దస్తూరీ, ఎర్ర గీత మార్జిను, శీర్షిక కింద రెండు గీతలు. ‘అంగడి అనగా వస్తువులను కొనుట మరియు అమ్ముట జరుగు ప్రదేశము’ అని మొదలు. మొదటిదానికి మూడు వేసినవారు దీనికి తొమ్మిది వేశారు. ఎనిమిది వేసినామె దీనికి నాలుగు.

ఇక చూడండి. భోజనాల గంట కొట్టినా ఎవరూ లేవలేదు. ‘పరీక్షలో ఇలా రాస్తే దిద్దేవాడు ఊరుకుంటాడా’ అని ఒక పెద్దాయన. అప్పటిదాకా నోరు విప్పని ఒక అమ్మాయి లేచి, ‘సార్, పదో తరగతిలో యశోదారెడ్డి గారి కొత్తబాట పాఠం చెబుతూ పల్లె పలుకు ఎంత అందంగా ఉందో చూడండి అని మీరే అంటారు. అదే పలుకు పిల్లవాడి నోటు పుస్తకంలో కనబడితే ఎర్ర సిరాతో కొట్టేస్తారు. వాడు ఏది నమ్మాలి?’ అంది. ఆయన ఊరుకునే రకం కాదు. ‘రచయిత్రికి రెండూ వచ్చమ్మా, కావాలని ఎంచుకుంది. వీడికి ఒకటే వచ్చు, ఆ రెండోది నేర్పడానికే మనకు జీతం’ అన్నారు. నా లెక్కలో ఇద్దరూ సరిగ్గానే అన్నారు. పాఠ్యప్రణాళిక గురించి నేను విన్న చర్చల్లో అంతకన్నా గట్టిది లేదు. దానికి పీపీటీ లేదు.

సాయంత్రానికి తేలింది ఇది. ఎనిమిదో తరగతిలో రాతపనికి మార్కు రెండు ముక్కలుగా వేయాలి, విషయానికి వేరే, రాత తీరుకు వేరే. ఆపైన అలాంటి కాగితం దొరికితే పిల్లవాడి చేత గట్టిగా చదివించి, తరగతి అంతా కలిసి దాన్ని రాత భాషలోకి మార్చాలి. తాడు మాత్రం పోకూడదు. మార్చే క్రమంలోనే ఒత్తులు, విరామచిహ్నాలు, క్రియారూపాలు అన్నీ వస్తాయి. వ్యాకరణం గంట వేరే పెట్టనక్కర లేదు. ఇది అరపేజీలో రాసుకుని అందరం సంతకాలు పెట్టుకున్నాం. రెండేళ్ళు సాగింది. బదిలీలు వచ్చి చెట్టుకొకరం పుట్టకొకరం అయ్యాం.

ఒక్క జాగ్రత్త. ఆ రోజుకు ఒకే విషయం పెట్టుకోండి. ‘పఠనం, లేఖనం, ఛందస్సు, ప్రాజెక్టు పని’ అని నాలుగు పెడితే మళ్ళీ మీ పాత సమావేశమే. ఉపన్యాసం మొదలుపెట్టేవారు ప్రతి మండలానికీ ఒకరుంటారు. ఆయన చేతిలో కాగితం పెట్టి మార్కు వేయమనండి, అదే మందు.

జవాబు – పది ఫలితాలు

ఇవన్నీ వినడానికి బాగుంటాయి. మార్చిలో పరీక్షలు, ఆపైన ఫలితాలు. శాతం పడిపోతే సమీక్షలో లేచి నిలబడేది మనమే, తాడు కథలు రాసిన పిల్లవాడు కాదు. మా బడిలో పదికి వచ్చేసరికి కొందరికి సంతకం తప్ప రాయడం రాదు. వాళ్ళకు ఉపవాచకం రామాయణంలో కొన్ని ఘట్టాలు, ఒక లేఖ, ఒక కరపత్రం, పర్యాయపదాలు, సంధులు పట్టించి గట్టెక్కిస్తున్నాం. సమావేశంలో కూర్చుని మంచి ప్రశ్నల నిధి ఒకటి తయారు చేసుకుంటే అందరికీ పనికొస్తుంది. గైడు వాక్యం రాసినా మార్కు పడుతోంది కదా, అభ్యంతరం ఏమిటి?

ప్రశ్న అడిగినవారు

సార్, ప్రశ్నల నిధి మా దగ్గర ఒకటి కాదు, జిల్లా వాళ్ళది ఒకటి, సంఘాల వాళ్ళవి మూడు, ప్రైవేటు వాళ్ళవి లెక్కలేనన్ని ఉన్నాయి. ఇంకొకటి తయారు చేయడానికి ముప్పై మంది తెలుగు టీచర్లు బస్సెక్కి రావాలా? గట్టెక్కించడం మనందరికీ వచ్చిన విద్యే. మీరు అడిగిన అభ్యంతరం ఏమిటంటే, మార్కు పడుతోంది కాబట్టే ఆ వాక్యం పోవడం లేదు. వేసేది మనమే కదా. సంతకం తప్ప రాయడం రాని పిల్లవాడు పదో తరగతి దాకా ఎలా వచ్చాడన్నది కూడా ఆ రోజు బల్లమీద పెట్టదగ్గ విషయమే. మీ బడి కాగితాలు పట్టుకుని రండి, మీకు కుర్చీ వేయిస్తాను.

పండితుల వారికి నమస్కారాలు. చీటీ బోర్లా పెట్టడం అన్నది నాకు తట్టేది కాదు. మావాళ్ళలో ఒకరి మార్కు చూసి ఒకరు సర్దుకునే అలవాటు బాగా ఉంది.

జవాబు – తండా బడి టీచర్

నేను ఎస్‌జీటీని. ఒకటి నుంచి ఐదు దాకా ఇద్దరమే టీచర్లం. ఈ చర్చలో ఎక్కడా మా మాట రాలేదు గనుక రాస్తున్నాను.

ఉన్నత పాఠశాల వాళ్ళ సమావేశాల్లో తప్పకుండా వినిపించే మాట ఒకటుంది: ‘ప్రైమరీలో ఏమీ చెప్పకుండా పంపిస్తున్నారు.’ అప్పుడు మేము ఆ గదిలో ఉండం. మా సమావేశం వేరే రోజు. అక్కడ మేము మాట్లాడుకునేది ‘హైస్కూల్ వాళ్ళకు ఏమి తెలుసు’ అని. పిల్లవాడు ఒక్కడే, వాడు జూన్‌లో ఈ గేటు దాటి ఆ గేటులోకి వస్తాడు. రెండు గేట్ల మధ్య మనం మాత్రం కలవం.

2022లో తొలిమెట్టు అన్న చదవడం, రాయడం, లెక్కల కార్యక్రమం మొదలైనప్పటి నుంచి ఏ పిల్లవాడు ఎక్కడున్నాడో మేము రాస్తున్నాం. సరళ పదాలు చదువుతాడా, గుణింతాలు ఉన్న పదం చదువుతాడా, ఒత్తుల దగ్గర ఆగిపోతాడా, అన్నీ పట్టికలో ఉంటాయి. ఐదో తరగతి పూర్తయిన రోజున ఆ పట్టిక మా బీరువాలోకి పోతుంది. ఆరో తరగతి టీచర్ ఆగస్టులో మళ్ళీ మొదటి నుంచి పరీక్ష పెట్టి అదే కనుక్కుంటారు. మా దగ్గర ఒక పిల్లవాడు ఉన్నాడు. ‘అక్క’, ‘కుక్క’ గడగడా చదువుతాడు. ‘పుస్తకం’ వస్తే ‘పుసకం’ అంటాడు. ‘రాష్ట్రం’ దగ్గర వేలు పెట్టి నా ముఖం చూస్తాడు. అంటే ద్విత్వం వచ్చింది, సంయుక్తం రాలేదు, సంశ్లేషం జోలికే పోలేదు. ఇంత స్పష్టంగా తెలిసిన సంగతిని ఆరో తరగతి టీచర్‌కు చెప్పే వీలు నాకు లేదు. ఆయన మాత్రం మొదటి వారంలోనే పద్యం మొదలుపెట్టాలి.

ఇంకో సంగతి. మాది తండా. పిల్లలు ఇంట్లో మాట్లాడేది లంబాడీ. వాళ్ళకు తెలుగు బడిలో కలిసే భాష. ఉమ్మడి రాష్ట్రంలో 2004 నుంచి ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషతో మొదలుపెట్టే బోధన కొన్ని బడుల్లో నడిచింది, లంబాడీ కూడా అందులో ఉంది. నాకు ముందు పనిచేసినవారు అప్పటి వాచకం ఒకటి వదిలివెళ్ళారు, అట్ట ఊడిపోయినా వాడుతున్నాను. తెలుగు ఉపాధ్యాయుల సమావేశంలో ఈ పిల్లల గురించి విడిగా ఒక్క మాట కూడా నేను వినలేదు. పండితుల వారి కాగితంలో ఇంటి తెలుగుకూ బడి తెలుగుకూ మధ్య తగాదా. మా దగ్గర ఇంట్లో తెలుగే లేదు. వాడు రాసిన కాగితానికి మీరు ఎన్ని మార్కులు వేస్తారో చూడాలని ఉంది.

మేడం, మీరు పిలిస్తే నేను వస్తాను. మా పట్టిక తెస్తాను.

జవాబు – హైదరాబాద్ సీబీఎస్‌ఈ

మాది ఇంకో లోకం. 2018లో తెలుగు తప్పనిసరి చట్టం వచ్చాక ఆ విద్యాసంవత్సరం ఒకటి, ఆరు తరగతులతో మొదలుపెట్టి పైకి తీసుకువెళ్ళారు. మా తరగతిలో మార్వాడీ ఇళ్ళ పిల్లలు, బెంగాలీలు, ఉత్తరాది నుంచి ఉద్యోగాల మీద వచ్చినవారి పిల్లలు. వీళ్ళ పక్కనే అచ్చమైన తెలుగింటి పిల్లలు. తెలుగు చక్కగా మాట్లాడతారు, చదవమంటే చదవలేరు. అందరికీ ఒకే పుస్తకం. కొంతకాలం తొమ్మిది, పది తరగతులకు తెలుగు ప్రథమ భాషగా చదివేవారి వాచకం ‘సింగిడి’తో తంటాలు పడ్డాం. శ్రీనాథుడి ‘భిక్ష’ పద్యాన్ని, రెండేళ్ళ కిందట జైపూర్ నుంచి వచ్చిన పిల్లవాడికి ప్రతిపదార్థం చెప్పించడం ఎలా ఉంటుందో మీరే ఊహించండి. 2025లో ప్రభుత్వం సరళమైన ‘వెన్నెల’ వాచకానికి మార్చింది. 2025–26లో తొమ్మిదికి, 2026–27లో పదికి.

ఆ మార్పు వచ్చినప్పుడు నాలుగైదు బడుల వాళ్ళం ఒక ఆదివారం ఒకరి ఇంట్లో కూడాం. పుస్తకం తేలికైంది, హాయి అనుకుంటూ వచ్చినవాళ్ళమే. కాసేపటికి తేలిందేమిటంటే, కష్టమైన పుస్తకానికి జవాబులు బోర్డుమీద రాసి ఎక్కించుకోమన్న వాళ్ళమే, తేలికైన పుస్తకానికీ అదే చేస్తున్నాం. పుస్తకం మార్చినంత మాత్రాన మన చేతులు మారవు కదా! మేము పెట్టుకున్న చిన్న పని ఇది: పిల్లలు కూరగాయల బండి దగ్గరకో, వాచ్‌మన్ దగ్గరకో వెళ్ళి తెలుగులో మూడు ప్రశ్నలు అడగాలి. వాళ్ళ జవాబులు గుర్తుపెట్టుకుని వచ్చి తరగతిలో చెప్పాలి. రాయడం తర్వాత. ఒక రాజస్థానీ పిల్లవాడు బండివాడితో బేరమాడి కొత్తిమీర కట్ట ఉచితంగా తెచ్చాడు. తెలుగింటి పిల్లలు సిగ్గుపడి అడగలేకపోయారు. ఈ సంగతి ఏ పరీక్ష చెప్పేది మాకు?

సూర్యాపేట మేడం, ఎల్బీ నగర్ పిల్ల ముందు ఆ సెల్లార్ సంగతి తరగతిలో నోటితో చెప్పనివ్వండి. కాగితం ఇచ్చేది ఆ తర్వాత.

జవాబు – ఆదివారం తెలుగు బడి, డల్లాస్ దగ్గర

ఇక్కడ మేము జీతం లేని టీచర్లం. వారంలో మిగతా రోజులు సాఫ్ట్‌వేర్, ఆదివారం పొద్దున గుణింతం. బోధనలో శిక్షణ పొందినవాళ్ళు మాలో ఇద్దరు ముగ్గురే. అందుకని ఏటా వేసవిలో అందరం కూర్చుని వచ్చే ఏడాది పుస్తకం చూసుకుంటాం. మొదట్లో ఆ కూర్చోవడం అంతా ఒకటే గొడవ. మహాప్రాణాలు ఎప్పుడు చెప్పాలి, ఋ, ౠ ఉంచాలా తీసేయాలా, సుమతీ శతకం ముందా వేమన ముందా. ఎవరి చిన్ననాటి బడి వాళ్ళకు వేదం.

పండితుల వారి పద్ధతి మా దగ్గర కుదరదు. మా పిల్లలు ఒక పేజీ రాసే దశకు వచ్చేది చాలా ఆలస్యంగా. అందుకని మేము గొంతులు విన్నాం. తల్లిదండ్రుల అనుమతి తీసుకుని, ప్రతి తరగతిలో కొందరు పిల్లల చేత ‘నిన్న ఇంట్లో ఏమి జరిగింది’ అని ఒక నిమిషం చెప్పించి ఫోనులో రికార్డు చేశాం. వేసవి సమావేశంలో అదే వినిపించాం. అందరికీ ఒకటే చెవిన పడింది. అక్షరాలన్నీ వచ్చిన పిల్లలు కూడా ‘నేను ఆకలి’, ‘నేను ఆ పాట ఇష్టం’ అంటున్నారు. ‘నాకు’ అన్నది నోట రాదు. ఇంట్లో అమ్మ రోజూ ‘నీకు ఆకలేస్తోందా’ అని అడుగుతుంది, పిల్లవాడికి అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. మా పుస్తకంలో ఈ ‘నాకు, నీకు’ వాక్యాలు ఎక్కడ ఉన్నాయని వెతికితే, మూడో ఏడాదిలో విభక్తుల పట్టికలో ‘యొక్క, లో, లోపల’ పక్కన, ‘కి, కు’ అని ఒక గడిలో. అక్షరమాల మీద కొట్టుకున్న ఏ ఒక్కరూ అటు చూడలేదు.

అప్పటి నుంచి మొదటి ఏడాదిలోనే ఆకలి, దాహం, నిద్ర, భయం, ఇష్టం అన్నీ ఆటలుగా పెట్టాం. అక్షరాలు కొంచెం నెమ్మదించాయి. కొందరు తల్లిదండ్రులకు అది నచ్చలేదు, ‘మా అబ్బాయికి ఇంకా ళ రాలేదు’ అని ఫోన్లు. హైస్కూల్ పిల్లల్లో మాత్రం వేరే ఒత్తిడి ఉంది. కాలిఫోర్నియా 2011లో చట్టం చేసి మొదలుపెట్టిన సీల్ ఆఫ్ బైలిటరసీ ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఉంది. రెండో భాషలో పరీక్ష నెగ్గితే డిప్లొమామీద ముద్ర పడుతుంది. దాని కోసం చదవడం, రాయడం, వినడం, మాట్లాడడం అన్నీ కావాలి. పద్యాలు అప్పజెప్పడం మీద గర్వపడే మాకు అది కాస్త చేదు మందే అయింది. పద్యాలు మానలేదు లెండి, మానితే తాతయ్యలు ఊరుకోరు.

జవాబు – విశ్రాంత పండితుడు, ఖమ్మం

తండా టీచరమ్మ అన్నది నిజం. మా రెండేళ్ళలోనూ ప్రైమరీ వాళ్ళను పిలవాలని ఎవరికీ తట్టలేదు. పట్టిక చేతులు మారితేనే పని. ఆవిడ తెచ్చిన కాగితం మీద మార్కు వేసే ముందు, ఆ పిల్లవాడు తెలుగు మొదలుపెట్టి ఎన్నేళ్ళయిందో దాని మీద రాసి పంచండి. ఇక్కడ పేరు మడవాలి గానీ, అది మడవకూడదు. డల్లాస్ వారి షష్ఠీ విభక్తి సంగతి విని నవ్వుకున్నాను. మా దగ్గరా అంతే. ఉత్వసంధి ఆరులో చెబుతాం, ఏడులో చెబుతాం, పది దాకా ప్రతి ఏడూ సున్నా నుంచి చెబుతాం. ‘ఉత్తునకు అచ్చు పరమైతే’ అని సూత్రం అప్పజెప్పిన వాణ్ణి ‘మీ ఇల్లెక్కడ’ అని అడిగితే చిరునామా చెబుతాడు. ఇప్పుడు నువ్వు విన్నదాంట్లోనే సంధి ఉందిరా అంటే బిక్కముఖం వేస్తాడు. ఆరు నుంచి పది దాకా చెప్పే తెలుగు టీచర్లు ఒకచోట కూర్చుని, ఏ సంధి ఏ తరగతిలో తేల్చాలో పంచుకుంటే ఎన్ని గంటలు మిగులుతాయో లెక్క వేయండి. అయితే అది ఇంకో సమావేశానికి. ఒక రోజుకు ఒకటే అన్నాను కదా, నేనే దాటేస్తున్నాను.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న మా కాంప్లెక్స్ గ్రూపులో పెట్టాను. ఎనిమిదో తరగతి, ఒక పేజీ, ‘మా ఇంటి నుంచి పనికి దూరం వెళ్ళినవాళ్ళు’. బడికి మూడు కాగితాలు, పేరు మడిచి. హైదరాబాద్ మేడం అన్నట్టు, రాసే ముందు రోజు ఒక పీరియడు నోటితో చెప్పించాలని కూడా రాశాను. సగం మంది సరేనని బొటనవేలు ఎత్తిన గుర్తు పెట్టారు. ఒకరు ‘ఇది ఎఫ్‌ఏ (బడిలో పెట్టే చిన్న పరీక్షల) మార్కుల్లో కలుస్తుందా’ అని అడిగారు. ఇంకొకరు జిరాక్స్ డబ్బులు ఎవరిస్తారని. అవి నేను పెట్టుకుంటానని చెప్పాను, రెండు వందలు కూడా కాదు. పదిన్నర నుంచి పదకొండు దాకా సంతకాలు, సిలబస్ వివరాలు కాగితంమీద రాసి ఇచ్చేయమన్నాను, ఎవరూ లేచి చదవనక్కర లేదు. పీపీటీ చూపించామని నివేదికలో రాయాలి కాబట్టి భోజనం తర్వాత అది తిరుగుతూ ఉంటుంది.

చిక్కు ఒకటే. ఐదో తరగతి చెప్పే టీచర్లను కూడా పిలవాలంటే వాళ్ళకు ఆ రోజు ఓడీ (డ్యూటీ మీద వెళ్ళినట్టు అనుమతి) కావాలి. ఇద్దరే ఉన్న బడిలో ఒకరు వస్తే రెండోవారు ఐదు తరగతులు చూసుకోవాలి. మండల కార్యాలయంలో అడిగితే, కారణం రాసి కాగితం పెట్టండి, చూస్తాం అన్నారు. ప్రైమరీ, హైస్కూల్ తెలుగు వాళ్ళను కలిపి పిలవడానికి ఎవరైనా ఇదివరకు అనుమతి తీసుకుని ఉంటే, ఆ కాగితంలో కారణం ఏమని రాశారో చెప్పండి. శుక్రవారం లోపు ఇవ్వాలి.

జవాబు – తండా బడి టీచర్

‘ఐదు నుంచి ఆరో తరగతికి మారే పిల్లల పఠన స్థాయి వివరాల అప్పగింత’ అని రాయండి మేడం. అప్పగింత అన్న మాట ఉంటే కార్యాలయంలో సంతకం త్వరగా పడుతుంది. మధ్యాహ్నం దాకా చాలని రాయండి, పూటకైతే ఇస్తారు. మా రెండో టీచర్‌తో మాట్లాడాను, ఆ పూట ఆమె చూసుకుంటానంది.